పొట్టి వరుస గెలిచిన ఊరు

నైరోబీ,
జూన్.

ప్రియమైన అక్కకి,

ముందు మంచి కబురు. న్యాయశాఖలో నన్ను చట్టాల ముసాయిదాలు రాసే గదికి మార్చారు. ఆ రోజు నీ మరదలు లిడియా కోడిని కోసి ఇరుగుపొరుగును భోజనానికి పిలిచింది. మా పెద్దాడు బడిలో అందరికీ "మా నాన్న చట్టం రాస్తాడు" అని చాటుకుంటున్నాడట. "అయితే మా జీతాల గురించి కూడా ఒక ముక్క రాయమను" అన్నాడట వాళ్ల మాస్టారు.

ఇంకో పని కూడా అప్పగించారు. పై తరగతుల పౌరశాస్త్రం పుస్తకంలో ఒక పాఠం నన్ను రాయమన్నారు. మనిషికి ఉండే హక్కుల్లో ఏది ముందు, ఏది వెనక. ప్రభుత్వం నడవడానికి ఏ సూత్రం పునాది, ఏది పైకప్పు. నా మటుకు నాకు సందేహం లేదు. ముందు శాంతి, ఐకమత్యం. ఆ తర్వాత తిండీ నీళ్లూ బడీ. అవన్నీ కుదురుకున్నాక ఓటూ, మాటా, పత్రికా. ఇల్లు కట్టేవాడు కిటికీతో మొదలుపెట్టడు కదా! ఆకలిగా ఉన్నవాడికి మాట్లాడే స్వేచ్ఛ ఇస్తే ఏం మాట్లాడతాడు? ఆకలి అనే అంటాడు. ఆ అన్నమేదో ముందే పెడితే పోలేదా?

నువ్వు అక్కడ పాతికేళ్లుగా పంతులమ్మవి. మన కొండమీది వాళ్లను కూడా అడిగి రాయి. నా పాఠానికి కాస్త మట్టి వాసన రావాలి.

అన్నట్టు, బావ కౌన్సిలర్‌గా నిలబడతాడని ఇక్కడి బస్టాండులో మన ఊరివాడెవడో అన్నాడు. పడీ పడీ నవ్వాను. దగ్గు మందు కలిపే చేతులకి రాజకీయం ఎందుకని బావమరిది అడిగాడని చెప్పు. గెలిస్తే మాత్రం నాకో మేక.

నీ తమ్ముడు,
మఘంగా

*

మ్వాంగురు, తైతా కొండలు,
జూలై.

ఒరేయ్ తమ్ముడూ,

నీ ఉత్తరం బావకి చదివి వినిపించాను. మేక కాదు, మేక పేడ పంపిస్తానన్నాడు. బస్టాండు కబురు నిజమే. డిస్పెన్సరీలో కంపౌండరు ఉద్యోగానికి రాజీనామా ఇచ్చేశాడు. నిలబడుతున్నాడు.

నీ ప్రశ్నని కుళాయి దగ్గర పెట్టాను. పెట్టడానికి మా ఊళ్లో అంతకన్నా మంచి చోటు లేదు. కొండ మీది ఊట నుంచి గొట్టం కోసం ఊరంతా కలిసి గాడి తవ్వామా? ఇప్పుడు ఆ నీళ్లు ముందు కౌన్సిలర్ న్యాంబు క్యాబేజీ తోట తాగుతుంది. తోటకి దాహం తీరాక మాకు వదులుతాడు. అందుకని ఆడవాళ్లమంతా డబ్బాలు వరుసలో పెట్టి కూర్చుంటాం. కబుర్లకి కరువు లేదు.

"హక్కుల్లో ఏది ముందో చెప్పండర్రా, మా తమ్ముడు పుస్తకంలో రాస్తాడు" అన్నాను.

"ముందు నీళ్లే. ఇందులో అడగడానికేముంది?" అన్నారు అందరూ ఒకేసారి.

"ఆ నీళ్లు కట్టేసినవాణ్ణి దింపేసే హక్కు ముందు కాదా మరి?" అన్నాను.

సంబా అవ్వ తెలుసుగా నీకు, చిన్నప్పుడు నీ చెవి మెలేసిన ఆవిడే. పొడుం డబ్బీ మూసి, "ఓటు వండుకు తింటామే పంతులమ్మా?" అంది. "న్యాంబు చెడ్డవాడే. కానీ మన చర్చికి రేకులు ఎవరిచ్చారు? వాన పడ్డప్పుడు నా నెత్తి తడవడం లేదంటే వాడి చలవే. నీ మొగుడు ఏమిస్తాడు, ఆముదమా?"

నవ్వుతో కుళాయి దద్దరిల్లింది. నేనూ నవ్వాను. కాబట్టి రాసుకో, మ్వాంగురు ఆడవాళ్లంతా నీ పక్షమే. ఓడింది నేనొక్కదాన్నే.

బావ మాత్రం ఒక మాట అన్నాడు. "మాత్ర ముందా, నీళ్లు ముందా అని మీ తమ్ముణ్ణి అడుగు. రెండూ ఒకే గుక్క. మాత్ర ఇవాళ మింగు, నీళ్లు రేపిస్తానంటే అది గొంతులోనే ఇరుక్కుంటుంది." నీ పాఠంలో పడుతుందో లేదో నాకు తెలియదు.

చక్కెర జబ్బు పెట్టుకుని కొండలెక్కి దిగుతున్నాడు. పొద్దునా సాయంత్రం సూది మాత్రం తప్పనివ్వడం లేదు నేను. పిల్లలకి ముద్దులు.

నీ అక్క,
వలేగ్వా

*

నైరోబీ,
సెప్టెంబర్.

అక్కా,

నా పాఠం పైవాళ్లకి నచ్చింది. సంబా అవ్వ మాటని పేరు లేకుండా పెట్టాను, "ఓటు వండుకుని తినలేం" అని. మా డైరెక్టరుగారు చదివి, ఇదీ జనం గొంతంటే అని బల్ల చరిచాడు.

ఇంతకన్నా పెద్ద సంగతి, మొన్న పాసైన చట్టంలో నా చేతిరాత ఉంది. కొన్ని రకాల కేసుల్లో అనుమానం మీద పట్టుకున్నవాణ్ణి పోలీసులు రెండు వారాల దాకా కోర్టు ముందు పెట్టకుండా ఉంచుకోవచ్చు. ఇక్కడి లాయర్లు కొందరు కొంపలంటుకున్నట్టు గోల పెడుతున్నారు. నేనడిగేది ఒక్కటే. తప్పు చేయనివాడికి రెండు వారాల్లో ఏం కొట్టుకుపోతుంది? విత్తనం వేసి వాన కోసం నెలలు ఆకాశం చూసే జాతి మనది. జడ్జీలని తప్పించే అధికారం కూడా అధ్యక్షుడి చేతిలోనే పెట్టారని ఇంకో గోల. ఇంట్లో అందరూ పెద్దలైతే పొయ్యి ఎవరు రాజేస్తారక్కా?

ఓటు పెట్టెలు తీసేసి, జనాన్ని అభ్యర్థి బొమ్మ వెనక వరుసలో నిలబెట్టి లెక్కపెట్టడం కూడా నాకు బాగానే ఉంది. దాపరికం లేదు. అందరి కళ్లముందూ లెక్క. మన తాతలు పంచాయితీల్లో ఇలాగే ఇటూ అటూ నిలబడేవారు కదా.

ఇక అసలు మాట. బావని ఆపు. హాస్యానికి కాదు, నిజంగానే అంటున్నాను. న్యాంబుకి ఇక్కడ పైన వియ్యంకులున్నారు. వాడి పేరు నేనున్న అంతస్తులో రెండుసార్లు విన్నాను, ఆ గొంతులు నాకు నచ్చలేదు. బావ మంచివాడు. అందరికీ జ్వరం తగ్గించినవాడు. అలాగే ఉండనీ. మళ్లీ డిస్పెన్సరీలో చేర్పించే పూచీ నాది.

నేను చెప్పానని చెప్పకు. నీకే తోచినట్టు చెప్పు.

మఘంగా

*

మ్వాంగురు,
అక్టోబర్.

తమ్ముడూ,

నువ్వు చెప్పావని చెప్పకుండా చెప్పాను. "ఇది నీ మాట కాదు, నైరోబీ మాట" అని ఇట్టే పట్టేశాడు.

నిన్న ఎన్నిక జరిగింది. అందరి కళ్లముందూ జరిగిందన్నావు కదా, ఆ కళ్లతో చూసిందే రాస్తున్నాను.

మా బడి మైదానంలో రెండు బల్లలు వేసి, ఒకదాని మీద న్యాంబు ఫోటో, ఇంకోదాని మీద బావ ఫోటో పెట్టారు. న్యాంబు వెనక అతని తోట కూలీలు, చర్చి కమిటీ, సంబా అవ్వ. మొత్తం వరుస మామిడిచెట్టు నీడ దాటలేదు. బావ వరుస బడి గేటు దాటి, చర్చి చుట్టూ తిరిగి, క్యాబేజీ మళ్ల గట్టు మీదుగా వాగు వంతెన దాకా పోయింది. తోక దగ్గరున్నవాళ్లకి ఫోటో కనపడక, "మనం ఎవరి వెనక నిలబడ్డాం? పెళ్లి భోజనమా ఏమిటి?" అని వేళాకోళాలు. కుంటి కిలేలుని కొడుకులు మంచంతో సహా మోసుకొచ్చి వరుసలో దించారు. నేను కూడా ఎండలో నిలబడ్డాను. మన పెళ్లిళ్లలో కూడా మ్వాంగురు అంత సంతోషంగా ఉండగా చూడలేదురా నేను.

ఎన్నికల అధికారి కింద పట్నం నుంచి వచ్చాడు. న్యాంబు వరుసలో ఒక్కొక్క తలా తట్టి లెక్కపెట్టాడు. బావ వరుస మొదట్లో నిలబడి, చెయ్యి అడ్డం పెట్టుకుని ఒకసారి దూరంగా చూసి, "సరే" అన్నాడు. బల్ల ఎక్కి న్యాంబు గెలిచాడని ప్రకటించాడు.

ముందు అందరూ నవ్వారు. పొరపాటనుకున్నారు. ఎవరో అరిచారు కూడా, "అయ్యా, పేర్లు తారుమారయ్యాయి!"

"పేర్లు సరిగ్గానే ఉన్నాయి. మీరే తారుమారుగా నిలబడ్డారు" అన్నాడు అధికారి.

బావ బల్ల దగ్గరికి వెళ్లాడు. "కళ్లలో చుక్కలు వేయించుకుంటారా? పాత ఉద్యోగం, ఇంకా చేతకానిదేం కాలేదు" అన్నాడు. అధికారి నవ్వలేదు. "కంపౌండరుగారూ, ఇంటికెళ్లి పడుకోండి. మీకు వంట్లో బాగుండదని విన్నాను" అన్నాడు. బావ జబ్బు సంగతి కింద పట్నంలో ఆయనకి ఎలా తెలిసిందో!

సాయంత్రం సంబా అవ్వ మా గుమ్మంలోకి వచ్చి చాలాసేపు కూర్చుంది. "గెలిచాం కదే, మరి ఒక్కడూ డప్పు కొట్టడేం?" అంది.

బావ కోర్టుకి వెళతానంటున్నాడు. వంతెన దాకా ఉన్న జనమంతా సాక్షులే అంటున్నాడు. నువ్వు లాయరువి. ఎలా వేయాలో రాయి.

అక్క

*

మ్వాంగురు,
నవంబర్. (బస్సు డ్రైవరు చేతికిచ్చి పంపుతున్నాను.)

మఘంగా,

అక్టోబరు ఉత్తరానికి నీ జవాబు లేదు. సరే.

బావని తీసుకుపోయారు. పట్టపగలు, సంతలో, అరటిగెల బేరమాడుతుంటే. ఎందుకని అడిగితే ప్రభుత్వం మీద కుట్ర అన్నారట. అరటిగెల భుజం మీదే ఉందట, దించుకోనివ్వలేదు.

ఠాణాకి వెళ్లాను. లేడన్నారు. పెద్ద ఠాణాకి వెళ్లాను. అక్కడా లేడన్నారు. మళ్లీ మొదటిదానికి వస్తే వరండాలో బావ చెప్పులు కనిపించాయి. "ఇవి మా ఆయనవి" అన్నాను. "చెప్పులకి పేర్లుంటాయా అమ్మా?" అన్నాడు సెంట్రీ. మేజిస్ట్రేటు గుమస్తా దగ్గరికి వెళితే, రెండు వారాల దాకా కోర్టు అడగడానికి వీల్లేదు, కొత్త చట్టం అన్నాడు.

ఇన్సులిన్ సీసా ఇంట్లో తడి ఇసుక కుండలోనే ఉంది. పొద్దునా సాయంత్రం పడాలి. పడకపోతే ఏమవుతుందో బావే నాకు పాఠంలా చెప్పాడు, నువ్వు పెళ్లి తర్వాత మొదటిసారి వచ్చినప్పుడు నీకూ చెప్పాడు. సీసా తీసుకుని రోజూ వెళుతున్నాను. లేనివాడికి మందెందుకంటున్నారు.

నీ చట్టం తప్పా ఒప్పా అని ఇప్పుడు నేను అడగడం లేదు. హక్కుల్లో ఏది ముందని వాదించడం లేదు. ఒక్క ఫోను చెయ్యి. ఈ సీసా లోపలికి తీసుకోమను. అంతే. బావని వదలమని కూడా అనకు. సీసా తీసుకోమను.

జవాబు ఈ డ్రైవరుకే ఇవ్వు. ఎల్లుండి తిరిగొస్తాడు.

అక్క

*

నైరోబీ,
నవంబర్.

శ్రీమతి వలేగ్వా మ్వాజో గారికి,

తమరి లేఖ అందినది. అందులో పేర్కొన్న విషయము సంబంధిత అధికారుల పరిధిలోనిది. విచారణలో ఉన్న వ్యవహారములలో ఈ కార్యాలయము జోక్యము చేసుకొనజాలదు. చట్టము తన పని తాను చేసుకొనిపోవును.

ప్రభుత్వము తన అదుపులో ఉన్న ప్రతి వ్యక్తి ఆరోగ్యము పట్ల తగిన శ్రద్ధ వహించునని తమరు విశ్వసించగలరు.

ఇకపై ఇట్టి విషయములు నా చిరునామాకు వ్రాయవలదని మనవి.

భవదీయుడు,
ఇ. మఘంగా

*

మ్వాంగురు,
డిసెంబర్.

మఘంగా,

వ్రాయవలదన్నావు. ఇది కబురు కాబట్టి రాయాలి.

మీ బావని బుధవారం తెచ్చారు. పోలీసు పికప్ వెనక, బూడిదరంగు దుప్పటి కప్పి. నిద్రలో పోయాడన్నారు. ఆయన నిద్రపోయే మొహం పాతికేళ్లు చూశాను, అది అలా ఉండదు. పెదవులు పగిలి, నాలుక ఎండిపోయి ఉంది. దాహం దాహం అని అడిగి ఉంటాడు. ఆ జబ్బులో అంతేనని తనే చెప్పేవాడు. శవాన్ని మా మంచం మీద పడుకోబెట్టాక, కానిస్టేబులు గుమ్మంలో నిలబడి నసిగాడు. "అమ్మా, ఆ దుప్పటి ఠాణాది. లెక్క చెప్పాలి." ఇచ్చాను. నా కాంగా గుడ్డ కప్పాను.

పాతిపెట్టిన రోజు జనం కొండంతా నిండిపోయారు. లిడియా పిల్లలతో వచ్చింది. నువ్వు మీటింగులో ఉన్నావని చెప్పింది. నేను అడగలేదు.

న్యాంబు కూడా వచ్చాడు. నల్ల కోటు వేసుకుని, రెండు బస్తాల మొక్కజొన్న పిండి మోయించుకుని వచ్చాడు. "మా మధ్య పోటీ ఉంది గానీ పగ లేదు" అని ప్రసంగం చేశాడు. ఇంతమందికి వంటలకి నీళ్లు కావాలి కదా అని ఊట దగ్గర కట్ట తీయించాడు. కుళాయి తిప్పకముందే పొర్లిపోయింది. నా పెళ్లయిననాటి నుంచీ అంత ధారగా రావడం ఎప్పుడూ చూడలేదు. ఆడవాళ్లు డబ్బాలు పట్టుకుని పరిగెత్తారు. సంబా అవ్వ న్యాంబు రెండు చేతులూ పట్టుకుని, "చల్లగా ఉండు నాయనా" అంది. నా మొగుడి గొయ్యి మీద మట్టి ఇంకా తడి ఆరలేదు.

నేనూ పట్టుకున్నాను. వచ్చినవాళ్లకి ఉగాలి ముద్ద వండాలి, పిల్లల కాళ్లు కడగాలి, పట్టుకోక ఏం చేస్తాను? మర్నాడు మధ్యాహ్నానికి కట్ట మళ్లీ వేసేశారు. అడిగితే, చావు అయిపోయింది కదా అన్నారట.

ఇదీ సంగతి. ఎలా చనిపోయాడో విచారణ జరిపించమని కింద కోర్టులో అర్జీ వేస్తున్నాను. నీ సహాయం అడగడం లేదు.

వలేగ్వా

*

నైరోబీ,
జనవరి. (లిడియా చేతికిచ్చి పంపుతున్నాను. చదివి పొయ్యిలో వెయ్యి.)

అక్కా,

ఆ నవంబరు ఉత్తరం నీకు రాసింది కాదు. నీకంటే ముందు చదివేవాళ్లకి రాసింది. నా పేరుతో వచ్చేవి, పోయేవి అన్నీ విప్పి చూస్తున్నారు. నువ్వు అర్థం చేసుకుంటావనుకున్నాను.

ఫోను చేశాను. నమ్ము. డ్రైవరు వచ్చిన సాయంత్రమే చేశాను. అవతల ఎత్తినవాడు, "మీ పేరేమిటన్నారు? నిదానంగా చెప్పండి, రాసుకుంటున్నాను" అన్నాడు. నాకు పిల్లలు కళ్లముందు మెదిలారు. ఫోను పెట్టేశాను. వారం తిరిగాక మళ్లీ చేసి పేరు చెప్పాను, మందు సంగతి చెప్పాను. "ఇప్పుడు అవసరం లేదు సార్" అన్నాడు. ఆ మాటకి అర్థం నాకు ఆ క్షణంలో తెలియలేదు.

ఒక్క మనిషి చేతిలో ఏముంది చెప్పు. నేను రాయకపోతే ఆ చట్టం ఇంకొకడు రాసేవాడు. నేను రాశాను కాబట్టి రెండు వారాలతో ఆగింది. వాళ్లు నెల రోజులు అడిగారు. ఈ సంగతి ఎవరికీ తెలియదు, ఎవరూ నాకు దండం పెట్టరు.

ఇప్పుడు ఇంకో సంగతి. నీ అర్జీ మీద ప్రభుత్వం తరఫున వాదించడానికి నన్ను వేశారు. కావాలనే వేశారు. నేను ఎవరివాణ్ణో చూడాలని. కాదంటే ఉద్యోగం పోవడంతో ఆగదు. అవునంటే, కనీసం బావని పేరు పెట్టి తిట్టేవాడు అక్కడ ఉండడు. నేను చట్టం మాత్రమే మాట్లాడతాను. బావ మీద ఒక్క మాట పడనివ్వను. అలా చూడు దాన్ని.

నీకు ఇష్టం లేకపోతే అర్జీ వెనక్కి తీసుకో. అప్పుడు ఇద్దరం బయటపడతాం.

మఘంగా

*

మ్వాంగురు,
ఫిబ్రవరి.

మఘంగా,

అర్జీ వెనక్కి తీసుకోను.

నైరోబీ బస్సు విచారణకి ముందురోజు సాయంత్రానికి కింద పట్నం వస్తుంది. ఆ పట్నం లాడ్జిలో నల్లులు. ఇంటికే రా. నీ పక్క ఎప్పుడూ వేసే చోటే వేస్తాను. చిక్కుడు గింజలూ కర్రపెండలం కలిపి కిమంగా మెదిపి పెడతాను. తిను. కేసు గురించి నువ్వు మాట్లాడకు, నేనూ మాట్లాడను.

పొద్దున కిందికి మాత్రం వేరువేరు మటాటు వ్యాన్లలో వెళదాం. నా ఇంట్లో తిన్నవాడివని అక్కడ నేను గొంతు తగ్గించను. నా చేతి తిండి తిన్నానని నువ్వూ తగ్గించకు.

వలేగ్వా

*

మ్వాంగురు,
మార్చి.

మఘంగా,

నువ్వు కోర్టు నుంచి తిన్నగా బస్సెక్కేశావు. అందుకని రాయాల్సి వచ్చింది.

బాగా మాట్లాడావు. మాట తప్పలేదు కూడా. బావ పేరు ఒక్కసారీ ఎత్తలేదు, "సదరు వ్యక్తి" అన్నావు. సదరు వ్యక్తిని ఉంచుకునే అధికారం చట్టం ఇచ్చింది, కాబట్టి ఉంచుకోవడం తప్పు కాదన్నావు. ఆ గడువులోపల ఎక్కడున్నాడు, ఎలా ఉన్నాడు అని అడిగే అధికారం ఏ కోర్టుకీ లేదన్నావు. మందు కావాలని సదరు వ్యక్తి రాతపూర్వకంగా అడిగినట్టు దాఖలా లేదన్నావు. మేజిస్ట్రేటు నువ్వు చెబుతుంటేనే తల ఊపాడు. కొట్టేశాడు. నా వైపు చూడకుండా కాగితాలు సంచిలో పెట్టుకున్నావు. ముందురోజు నా ఇంట్లో రెండోసారి వడ్డించుకుని తిన్న చేతులే అవి.

ఇంటికి వచ్చేసరికి వాకిలి నిండా ఆడవాళ్లు. జాలిపడడానికి వచ్చారనుకున్నాను. సంబా అవ్వ ముందుకు జరిగి కూర్చుంది.

"మీ తమ్ముడు ఆ ఇంగ్లీషులో ఏం చెప్పాడే? మన మాటలో చెప్పు" అంది.

"ఎందుకవ్వా, అయిపోయింది" అన్నాను.

"నీ మాటలు చాలా ఏళ్లుగా వింటున్నాను. వాడివి చెప్పు. ఒక్కటీ మార్చకుండా చెప్పు."

మార్చకుండానే చెప్పాను. పంతులమ్మని కదా, డిక్టేషన్ చెప్పినట్టు, వాక్యం తర్వాత వాక్యం చెప్పాను.

అయిపోయాక అవ్వ అడిగింది. "అయితే రేపు నన్ను తీసుకుపోవచ్చా?"

"తీసుకుపోవచ్చు."

"ఎందుకని నా కొడుకు అడగకూడదా?"

"అడగకూడదు."

"ఎక్కడుందని?"

"అదీ అడగకూడదు."

"నేను దాహమంటే?"

"కాగితం మీద రాసివ్వాలి."

"నాకు రాయడం రాదు కదే!"

ఆ మాటకి నవ్వబోయి ఎవరో ఆగిపోయారు.

అవ్వ పొడుం డబ్బీ మూత తీసి మళ్లీ మూసింది. "నువ్వు కుళాయి దగ్గర చెప్పినప్పుడు నా బుర్రకెక్కలేదు. మొగుణ్ణి గెలిపించుకోవడానికి చెబుతోంది అనుకున్నాను. ఈ కుర్రాడు చెప్పింది అర్థమైంది" అంది. కిలేలు భార్య లేచి, "మొంబాసాలో ఇంతకన్నా పెద్ద కోర్టుందిగా?" అంది. ఉందన్నాను. "అయితే అక్కడికి అందరం వెళదాం. వంతెన దాకా నిలబడ్డవాళ్లం, మొంబాసా దాకా నిలబడలేమా?" అంది. అవ్వ ఆమెని కసిరింది. "నువ్వు వంతెన దగ్గర నిలబడ్డావు, నేను నీడలో నిలబడ్డాను. ముందు నేను ఎక్కుతాను బండి."

అక్కడ గెలుస్తామని నాకు ఆశ లేదు. జడ్జీల్ని ఎవరు ఉంచుతారో, ఎవరు తీసేస్తారో నువ్వే రాశావు. బావ ఎలాగూ రాడు. న్యాంబు క్యాబేజీలు ఇవాళ కూడా తాగుతున్నాయి. అయినా అప్పీలు వేశాం. సాక్షులుగా వేలిముద్రలు వేయడానికి వచ్చినవాళ్లతో మా బడి వరండా సరిపోలేదు.

పాతికేళ్లు పాఠాలు చెప్పాను. కుళాయి దగ్గర వాదించాను. మొగుణ్ణి పాతిపెట్టాను. నా మాటకి పదిమంది కూడా కదలలేదు. నీ మాటలకి కదిలారు.

అందుకని మొంబాసాకి కూడా ప్రభుత్వం నిన్నే పంపాలని కోరుకుంటున్నాను. అవే మాటలు మళ్లీ చెప్పు, ఒక్కటీ మార్చకు. వినడానికి చాలామందిమి వస్తాం. వాళ్లకి మన మాటలో చెప్పడానికి నేనుంటాను.

నైరోబీ నుంచి మొంబాసా వెళ్లే రైలు మా కొండ కింద స్టేషనులో చాలాసేపు ఆగుతుంది. ఈసారి దిగకు.

వలేగ్వా